నల్‌కీ నిల్‌కీ మధ్య

పదిహేనేళ్లు డేటాబేస్‌లతో కాపురం చేసిన మనిషిని పట్టుకుని, "టేబుల్ అంటే ఏమిటి, కాలమ్ అంటే ఏమిటి" అనే క్లాసులో కూర్చోబెట్టారని రామతులసికి ఒళ్లు మండిపోతోంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఆమె పనిచేసేది విజయవాడలో నాలుగు శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఏ వార్డులో ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయి, ఏ జబ్బుతో ఎంతమంది చేరారు, డ్యూటీ ఎక్కే నర్సు చేతికి ఇచ్చే పేషెంటు షీటులో ఏమేం కనిపించాలి, ఇవన్నీ ఆమె రాసిన రిపోర్టుల్లోంచి రావలసిందే. ఇప్పుడు పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతున్నారు. అందుకని డేటా విభాగంలో చిన్నా పెద్దా అందరూ అయిదు రోజులు మొదటి నుంచి మళ్లీ నేర్చుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆపరేషన్స్ మేనేజరు సాయిగణేష్ దగ్గరికి వెళ్లి అడిగితే, "అందరికీ ఒకటే రూలండీ, మీ ఒక్కరి కోసం మార్చలేం కదా" అన్నాడు, సెల్‌ఫోన్ మీంచి తలెత్తకుండానే.

"నలభై రెండేళ్లొచ్చాక పలక పట్టుకోమంటున్నారు" అని సోమవారం పొద్దున కంకిపాడులో బస్సెక్కబోతూ మొగుడితో అంది.

"పోనీలే, ఏసీలో కూర్చోవడమేగా" అన్నాడాయన.

ఆ మాటతో ఇంకా మండింది.

పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయి పేరు వినీల. ఇరవై ఏడేళ్లుంటాయి. మాట మెత్తన. మొదటిరోజు ఆ అమ్మాయి, ఒక్కో వరుసనూ మిగతా వరుసల నుంచి విడిగా గుర్తుపట్టేదే ప్రైమరీ కీ అని చెప్పి, "మనుషులకు ఆధార్ నంబరు లాంటిదండీ" అంది.

రామతులసి చివరి బెంచీలోంచి అందుకుంది. "ఒంటిమీద స్పృహ లేకుండా క్యాజువాలిటీకి వచ్చినవాడి ఆధార్ ఎవడు చెబుతాడమ్మా? నంబరు దొరికేదాకా గేటు బయట పడుకోబెడతావా?"

క్లాసులో నవ్వులు లేచాయి. వినీల మొహం కందిపోయింది. అయినా బోర్డు మీద రాసిన ఆధార్‌ను తుడిచేసి, "మేడమ్ చెప్పింది కరెక్టేనండీ, నా ఉదాహరణే తప్పు" అని ఇంకోటి రాసింది. ఆ పిల్ల మర్యాద చూసి రామతులసికి జాలి కలగాలి. కలగలేదు. గెలిచినట్టుంది.

నిజానికి ఆ కోపం కింద ఇంకో కోపం ఉంది. అది నెల రోజులుగా ఉంది.

క్యాజువాలిటీలో అమలమ్మ అని పెద్ద నర్సు. యాభై అయిదేళ్ల మనిషి, ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసు. రామతులసీ ఆమే పదేళ్లుగా మధ్యాహ్నం కలిసి అన్నం తినేవాళ్లు. నెలన్నర కిందట మైలవరం దగ్గర్నుంచి రామకోటేశ్వరరావు అనే రైతును తీసుకొచ్చారు. మామిడితోటలో ట్రాక్టరు తొట్టి వెనక్కి జారి ఆయన కాలు నుజ్జయింది. నొప్పితో కేకలు పెడుతుంటే డ్యూటీ డాక్టరు నొప్పి తగ్గే ఇంజెక్షన్ రాశాడు. అమలమ్మ వేసింది. ఆ మందు ఆయన ఒంటికి పడదు. నాలుగు నిమిషాల్లో గొంతు వాచిపోయింది, గుండె ఆగింది. మళ్లీ కొట్టుకునేలా చేశారు గాని, ఈలోగా మెదడుకు గాలి అందలేదు. పన్నెండు రోజులు ఐసీయూలో ఉండి ప్రాణంతో ఇంటికి వెళ్లాడు. మాట సగం పోయింది.

విచారణలో అమలమ్మ ఒకటే మాట చెప్పింది. "నా చేతికొచ్చిన షీటులో అలర్జీల దగ్గర నిల్ అని ఉందండీ. ఏమీ లేవని ఉంది. చూసే వేశాను." ఆ రోజు షీటు మిగల్లేదు, డ్యూటీ మారగానే పాత షీట్లు చింపేస్తారు. అప్పుడు కమిటీ డాక్టర్లు రామతులసిని పిలిచి, డేటాబేస్‌లో ఆయన అలర్జీ కాలమ్‌లో ఏముందో తీసి చూపించమన్నారు. తీసింది. ఖాళీగా ఉంది. "ఏమీ రాసి లేదు సార్" అని చెప్పి, ప్రింటు తీసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది.

ఆ కాగితంతో అమలమ్మ మాట అబద్ధమైపోయింది. సస్పెండు చేశారు.

పొరపాటు ఎవరైనా చేస్తారు, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి రికార్డు మీద నెడుతుందా అని రామతులసికి కడుపు మండింది. తన రికార్డు మీద. ఆ రోజు నుంచి అమలమ్మకు ఫోను చెయ్యలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు.

బుధవారం, మూడోరోజు, వినీల బోర్డు మీద ఒక టేబుల్ గీసింది. అయిదు పేర్లు, వాటి పక్కన ఫోను నంబర్లు. ఒక గడి వదిలేసింది.

"ఇక్కడ ఏముందండీ?" అని అడిగింది.

ఒకరు సున్నా అన్నారు. ఒకరు ఏమీ లేదన్నారు. ఇంకొకరు, ఆయనకు ఫోను లేదన్నారు.

రామతులసికి విసుగొచ్చింది. "నల్ అంటారు దాన్ని. సున్నా కాదు, లేదు అనీ కాదు. మనకు తెలియదు అని. ఆయనకు ఫోను ఉండొచ్చు, లేకపోవచ్చు. ఎవరూ అడిగి రాయలేదు, అంతే."

"కరెక్ట్ మేడమ్" అంది వినీల. "మరి దాన్ని రిపోర్టులో ఎలా చూపిస్తారు?"

"ఖాళీలు కనిపిస్తే పైవాళ్లు ఊరుకుంటారా? నిల్ అని వేసేస్తాం."

ఆ మాట ఆమె నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, వచ్చాక గాని చెవికి తగల్లేదు.

"నిల్ అంటే లేదు అని కదండీ. తెలియనిదాన్ని లేదు అని చెప్పినట్టు అవుతుందేమో" అంది వినీల, మళ్లీ ఎక్కడ వాత పెడుతుందోనని నెమ్మదిగా. "ఏ కాలమ్‌కి అలా చేశారు మేడమ్?"

రామతులసి బ్యాగు కూడా తీసుకోకుండా లేచి మెట్లు దిగి తన సీటు దగ్గరికి వచ్చింది. పేషెంటు షీటులో ఏం కనిపించాలో కంప్యూటరుకు చెప్పే క్వెరీ తెరిచింది. నాలుగు వందల చిల్లర లైన్లు, అన్నీ తను రాసినవే. రెండువందల ముప్పయ్యో లైను దగ్గర అలర్జీ కాలమ్ ఉంది. ఖాళీగా ఉంటే నిల్ అని చూపించు అని దానికి చెప్పి ఉంది. దాని పైన తన చేత్తో రాసుకున్న గుర్తు: "ఖాళీలు కనపడకూడదన్నారు. ఆర్.టి., నవంబరు 2019."

ఆ నవంబరు గుర్తొచ్చింది. నాణ్యత తనిఖీకి పైనుంచి మనుషులు వస్తున్నారని వారం రోజులు ఊపిరి సలపలేదు. షీట్లలో ఖాళీలుంటే మార్కులు పోతాయన్నాడు సాయిగణేష్. టీ చల్లారేలోపు రాసి పడేసిన లైను అది. తరవాత ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాని మొహం చూడలేదు. విచారణలో కమిటీ టేబుల్లో ఏముందని అడిగింది, షీటులో ఏమని కనిపిస్తుందని అడగలేదు. తనూ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

అమలమ్మ చూసింది నిజం. తను చూపించిందీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఉన్న అబద్ధం మాత్రం తను రాసింది.

వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం. ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఈ క్షణంలో కూడా నాలుగు శాఖల్లో ప్రతి మంచం దగ్గరా ఆ నిల్ కనిపిస్తూనే ఉంది. లైను మార్చింది. నిల్ తీసేసి, ఇంగ్లీషులో కాకుండా, అర్థం కాలేదని ఎవరూ తప్పించుకోకుండా తెలుగులో "అడగలేదు" అని పెట్టింది. ఎర్రక్షరాల్లో. తరవాత లెక్క తీసింది. చేరి ఉన్నవాళ్లు మూడువందల ఎనభై ఎనిమిది మంది. వాళ్లలో నూట నలభై ముగ్గురి దగ్గర "అడగలేదు".

పదిహేను నిమిషాల్లో వార్డుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. షీట్లన్నీ ఎర్రగా వస్తున్నాయి, ఏమైందండీ అని. అందరికీ ఒకటే సమాధానం చెప్పింది. "ఏమీ కాలేదు. వెళ్లి మంచం దగ్గర అడగండి."

సాయిగణేష్ కబురు పెట్టాడు. గదిలోకి వెళ్లేసరికి నిలబడే ఉన్నాడు.

"ఎవరి పర్మిషన్‌తో మార్చారండీ?"

"రెండువేల పంతొమ్మిదిలో ఎవరి పర్మిషన్‌తో నిల్ పెట్టానో ముందు అది చెప్పండి" అని ఆమె ఆ లైను ఉన్న ప్రింటు బల్ల మీద పెట్టింది.

చదివాడు. కుర్చీలో కూర్చున్నాడు. "నేను ఖాళీలు కనపడకూడదన్నాను. నిల్ పెట్టమన్నానా? అడగని చోట అడిగించమని నా ఉద్దేశం. మీకు తేలికని అలా చేసుకున్నారు."

ఆ ఉద్దేశం అతనికి ఇప్పుడే పుట్టిందని ఆమెకు తెలుసు. అయినా చివరి మాట నిజం. అదే ఎక్కువ కాల్చింది.

"చేసుకున్నాను. నా పేరుతోనే ఉంది. అది కమిటీకి చెబుతాను. అమలమ్మగారు అబద్ధం చెప్పలేదు."

"చూడండి రామతులసిగారూ" అని అతను గొంతు తగ్గించాడు. "ఇంకో నెలలో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది. పాతదంతా పోతుంది. ఇదీ దాంతోపాటు పోతుంది. ఇప్పుడు తవ్వితే మీ ఉద్యోగానికే చేటు. అమలమ్మగారికి ఎలాగూ రిటైర్మెంటుకు మూడేళ్లే కదా ఉన్నాయి."

"ఆ మూడేళ్లు మీ అబ్బ సొత్తు కాదు" అంది రామతులసి. ఆసుపత్రిలో అంత మాట ఆమె ఎవరినీ అనలేదు. అన్నాక భయం కూడా వెయ్యలేదు.

ఆ సాయంత్రం కూర్చుని కమిటీకి రెండు పేజీల ఉత్తరం రాసింది. ఆ లైను, తేదీ, తన పేరు, విచారణలో తను చెప్పిన సగం జవాబు, అన్నీ. కాపీ మీద, ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్ ముద్ర కొట్టించుకుని గాని ఇంటికి బయల్దేరలేదు.

మర్నాడు క్లాసుకు వెళ్లలేదు. ఇబ్రహీంపట్నం వెళ్లింది.

అమలమ్మ ఇల్లు థర్మల్ స్టేషన్‌కు రెండు వీధుల ఇవతల. ఆమె పెరట్లో దండెం మీది బట్టలు దులిపి తీస్తోంది. రామతులసిని చూసి చెయ్యి ఆపలేదు.

"ఏం, ఇంకో కాగితం తెచ్చావా?"

"తెచ్చాను సిస్టర్. ఈసారి నా మీద."

అమలమ్మ చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది. కళ్లజోడు లేక చెయ్యంత దూరం పెట్టుకుని చదివింది. రెండోసారి చదివింది. మడిచి ఇచ్చేసింది.

"ఎంక్వైరీలో నీకేసి చూశాను తులసీ. షీటు తయారుచేసేది ఈ పిల్లే, దీనికి తెలుసు, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూస్తూ ఉన్నాను. నువ్వు తలెత్తి నా మొహం చూడలా."

"మీరు అబద్ధమాడుతున్నారు అనుకున్నాను."

"పదేళ్లు నీ పక్కన కూర్చుని అన్నం తిన్నానే. ఎన్నిసార్లు అబద్ధమాడాను నీతో?"

రామతులసి చేతిలో కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

"ఫోను చేశాను. నాలుగు సార్లు. ఒక్కసారి ఎత్తి, సిస్టర్, నిల్ అని ఎలా కనిపించింది మీకు అని అడిగితే నీ సొమ్మేం పోయింది? మా వీధిలో వాళ్లు నాతో సూది వేయించుకోవడం మానేశారు. చర్చిలో నా పక్క బెంచీ ఖాళీ. మందు రాసిన డాక్టరుగారికి మెమో కూడా లేదు. నీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి వచ్చావు. తెలియకపోతే?"

"వచ్చేదాన్ని కాదు" అంది రామతులసి. "క్షమించమని అడగడానికి రాలేదు సిస్టర్."

"అడిగినా చెయ్యను."

బట్టల గంప ఎత్తుకుని లోపలికి వెళ్లింది. తలుపు వెయ్యలేదు. కాసేపటికి గడపలోకి వచ్చి నిలబడింది. ఇప్పుడు గొంతు వేరేగా ఉంది. కోపం అలాగే ఉంది గాని, అది రామతులసి ఒక్కదాని మీదే కాదు.

"నా తప్పు నాకుంది. షీటులో ఏముంటే ఏం, సూది గుచ్చేముందు నోరు తెరిచి అడగాలి. ముప్పయ్యొక్క ఏళ్లు అడిగాను. ఆ రోజు ఆయన కేకలు వినలేక, నిల్ అని ఉందిగా అనుకున్నాను. ఆ ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పాలని నెల నుంచి అనుకుంటున్నాను. నేనొక్కదాన్నే వెళ్తే నెపం దులుపుకోడానికి వచ్చిందంటారు. నువ్వు కూడా రా. ఇప్పుడే."

ఇద్దరూ మైలవరం బస్సెక్కారు. ఒకే సీటులో కూర్చున్నారు.

రామకోటేశ్వరరావు ఇల్లు ఊరి చివర. ఆయన వరండాలో మడతమంచం మీద ఉన్నాడు. కాలికి ఇంకా కట్టు ఉంది. వీళ్లను చూసి ఏదో అనబోయాడు. మాట దొరక్క పెదవులు కదిపి ఊరుకున్నాడు. భార్య వెంకటరత్నమ్మ బయటికొచ్చింది. అమలమ్మను గుర్తుపట్టగానే ఆమె మొహం బిగుసుకుపోయింది. కూర్చోమనలేదు.

రామతులసి దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. కాలమ్, క్వెరీ, నల్ అన్నీ ఆ వరండాలో పనికిరాకుండా పోయాయి.

"మీ ఆయనకు ఏ మందు పడదో మేం అడగలేదండీ. అడక్కపోయినా, ఏమీ లేదు అని దానంతటదే పడేట్టు కంప్యూటర్లో ఏర్పాటు చేసింది నేను. ఈ సిస్టరుగారు అది చూసి నమ్మి సూది వేశారు."

"నమ్మి వేశాను. నేనూ అడగలేదమ్మా" అంది అమలమ్మ.

వెంకటరత్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేను బయట మెట్ల మీదే ఉన్నాను" అంది. "పదింటికి వచ్చిందగ్గర్నుంచి. సెక్యూరిటీ అబ్బాయి లోపలికి పోనియ్యలా. ఏడేళ్ల కింద నూజివీడులో ఇదే సూది వేస్తే మొహమంతా వాచిపోయింది ఈయనకి. ఆ డాక్టరు చీటీ రాసిచ్చాడు, ఎక్కడికెళ్లినా చూపించమని. నా సంచిలోనే ఉంది. ఆ రోజూ ఉంది. ఎవరన్నా వచ్చి, అమ్మా, నీ మొగుడికి ఏం పడదు అని ఒక్క ముక్క అడిగితే చీటీ తీసి చేతిలో పెట్టేదాన్ని."

వెంకటరత్నమ్మ వంగి మొగుడి కాలి కట్టు సర్దింది.

"మీకు కాఫీలివ్వలేనమ్మా నేను. ఇప్పుడు చెప్పారే, అది కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి వెళ్లండి. మా తమ్ముడు లాయరు దగ్గరికి తీసుకెళ్తాడు."

లోపల్నుంచి నోటు పుస్తకం తెచ్చి రెండు కాగితాలు చింపి ఇచ్చింది. వరండా గట్టు మీద పెట్టుకుని ఇద్దరూ రాశారు. వెంకటరత్నమ్మ నిలబడి, ఒక్కో వాక్యం వేలు పెట్టి పైకి చదివించుకుని, ఒకచోట "మేము అనకండి, నేను అనండి" అని దిద్దించింది.

ఆరు వారాలకు కమిటీ మళ్లీ కూర్చుంది. అమలమ్మ సస్పెన్షన్ ఎత్తేసి, హెచ్చరికతో విధుల్లోకి తీసుకున్నారు. డ్యూటీ డాక్టరుకు మెమో వెళ్లింది. సాయిగణేష్‌కు ఏమీ కాలేదు. నోటితో చెప్పిన మాటకు రికార్డు లేదు. రామతులసికి చార్జి షీటు ఇచ్చి, రిపోర్టులు రాసే పని తీసేసి పాత ఫైళ్ల స్కానింగులో వేశారు. రాజీనామా చెయ్యమని ఇద్దరు ముగ్గురు స్నేహంగానే చెప్పి చూశారు.

"తీసెయ్యాలంటే వాళ్లనే తీసెయ్యమనండి" అంది. "కోర్టుకు పిలిచినప్పుడు ఈ ఆసుపత్రి మనిషిగానే వెళ్లి చెబుతాను."

వినీల క్లాసులో రెండు రోజులు ఎగ్గొట్టినందుకు తరవాతి బ్యాచ్‌తో మళ్లీ మొదటి నుంచి కూర్చోమన్నారు. కూర్చుంది. ఈసారి ముందు బెంచీలో, నోట్సు రాసుకుంటూ. నల్ పాఠం రోజున ఒక కుర్రాడు "ఏముంది మేడమ్, డిఫాల్టుగా ఏదో ఒకటి వేసేస్తే సరి" అంటే, వినీల నోరు తెరిచేలోపే రామతులసి వెనక్కి తిరిగి, "ఏది వేస్తావు? ఎవరిని అడిగి వేస్తావు?" అని ఆ కుర్రాడు కళ్లు దించుకునేదాకా చూసింది.

అమలమ్మ ఇప్పుడు క్యాజువాలిటీలోనే ఉంది. మధ్యాహ్నం అన్నం నర్సుల గదిలో తింటుంది. ఒకరోజు లిఫ్టులో ఇద్దరే పడ్డారు. రామతులసి, "బాగున్నారా సిస్టర్" అంది. అమలమ్మ తలుపుకేసి చూస్తూ, "ఊ" అంది. మూడో అంతస్తు వచ్చేసరికి దిగి వెళ్లిపోయింది.